నీళ్లు ఎటు పోయినయ్?





మా ఏర్గట్లలో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం అయిపోయింది. కల్లాల్లో ఆరిన కొమ్ములు పాలిష్ పట్టించుకొని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోతున్నాయి. ఇక పెళ్లిళ్లు. అయిదుగురు కూర్చునే కారులో ఏడుగురు ఎక్కుతారు, పైన సామాను కడతారు, ఏసీ చివరి నంబరు మీద పెడతారు, నడినెత్తిన ఎండ ఉండగా బయలుదేరుతారు. బోధన్, నిజామాబాద్, ఆర్మూర్ మీదుగా వచ్చి మోర్తాడ్, కమ్మర్‌పల్లి దాటి మెట్‌పల్లి వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఈ నెలల్లో ఎప్పుడు పోయినా ఏదో ఒక చెట్టు కింద బానెట్ ఎత్తిన కారు కనబడుతుంది. పట్టుచీరలు నీడకు నిలబడి ఉంటాయి. ఒకాయన చేతిలో నీళ్ల సీసా ఉంటుంది. ఆయనకు నలుగురు సలహా చెబుతుంటారు.

మీలో ఒకరు అడిగిన ప్రశ్న వల్ల ఈసారి ఉత్తరం బండ్ల మీదికి మళ్లింది. ఆయన మాటల్లోనే: "రేడియేటర్ల నీళ్లు వారానికోసారి తగ్గుతున్నయ్. లీటరు పోస్తే మళ్లా మంచిగనే నడుస్తది. ఇట్లనే పోస్కుంట పోతే ఏమన్న అయితదా?"

అయితది. ఈ కాలం కారు ఇంజన్ నీళ్లు తాగదు. పెట్రోలు తాగుతుంది, కొంచెం ఆయిలు తాగితే తాగుతుంది, కానీ చల్లార్చే నీళ్లు మాత్రం పోసినవి పోసినట్టు లోపల తిరుగుతూనే ఉండాలి. ఏడాది మొత్తం మీద ప్లాస్టిక్ డబ్బాలో వేలెడు తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. వారానికి లీటరు తగ్గుతోందంటే ఎటో పోతోంది. ఎటు పోతోందో చూడకుండా మళ్లీ పోయడం వల్ల ఆ రోజుకు ప్రయాణం గడుస్తుందేమో గానీ, లోపలి రోగం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

అయితే ఆయన్ను తప్పుపట్టలేం. నీళ్లు పోయడమనే అలవాటు మనకు ఊరికే రాలేదు. ఇంజన్లు నిజంగానే నీళ్లు తాగిన కాలం ఒకటుంది.

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండి తీసుకొని, ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌కు తల్లిని చూడటానికి బయలుదేరింది. వంద కిలోమీటర్లకు పైనే. అంత దూరం ఒక మోటారు బండి మీద అంతకుముందు ఎవరూ పోలేదు. దారిలో మందుల షాపులో ఇంధనం కొన్నదని అందరూ చెప్పుకుంటారు గానీ, ఆవిడను ఎక్కువగా సతాయించింది ఇంధనం కాదు, నీళ్లు. ఆ బండికి రేడియేటర్ లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్లు మరిగి, ఆవిరై, గాలిలో కలిసిపోవడమే దాన్ని చల్లార్చే పద్ధతి. అందుకని కనబడ్డ బావి దగ్గరా వాగు దగ్గరా ఆగి నింపుకుంటూ పోయింది. ఆ బండికి నీళ్లు తగ్గడం జబ్బు కాదు, అది నడిచే తీరే అంత.

మన దగ్గరికి వద్దాం. కరెంటు మీద నమ్మకం లేని రోజుల్లో ఊళ్లలో పిండి గిర్నీలు డీజిల్ ఇంజన్ మీద నడిచేవి. గిర్నీ పక్కన నీళ్ల తొట్టి ఒకటి తప్పకుండా ఉండేది. ఇంజన్ చుట్టూ వేడెక్కిన నీళ్లు తేలికై పై గొట్టంలోంచి తొట్టిలోకి ఎక్కుతాయి, అడుగున ఉన్న చల్లటి నీళ్లు కింది గొట్టంలోంచి ఇంజన్‌లోకి దిగుతాయి. పంపు లేదు, ఫ్యాను లేదు. 1908లో అమెరికాలో మొదలైన ఫోర్డ్ మోడల్ టీ కార్లు కూడా మొదటి రెండున్నర వేలు మినహాయిస్తే ఇదే సూత్రం మీద, నీళ్ల పంపు లేకుండానే తిరిగాయి. బావుల కాడి ఆయిలింజన్లది ఇంకా సులువు. అవి తోడే నీళ్లలోనే కొన్ని వాటి చుట్టూ తిరిగి వెచ్చగా బయటికి వచ్చేవి. చలికాలం పొద్దున ఆ సన్నటి ధార కింద స్నానం చేసినవాళ్లు మీలోనూ ఉంటారు.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ పెట్టారు. నేటి మన ఆర్టీసీకి మూలం అదే. ఆ తరం బండ్లకైనా, తర్వాత మన ఊళ్ల మీద తిరిగిన అంబాసిడర్లకు, కమాండర్ జీపులకైనా డ్రైవరు సీటు కింద నీళ్ల డబ్బా ఉండాల్సిందే. ఘాటు ఎక్కగానే బండి ఆపి, మూత మీద గుడ్డ వేసి తిప్పి, పొగలు కక్కాక నీళ్లు పోసి, మళ్లీ కదలడం ప్రయాణంలో భాగం. ఆ డ్రైవర్ల కొడుకులూ శిష్యులే తర్వాత మారుతీలు, స్విఫ్టులు, ఇన్నోవాలు నడిపారు. బండి మారింది గానీ సీటు కింద డబ్బా మారలేదు.

ఇప్పటి ఏర్పాటు వేరు. తగలబడ్డ పెట్రోలు ఇచ్చే వేడిలో ఉజ్జాయింపుగా మూడో వంతు బండిని కదిలిస్తుంది, మూడో వంతు పొగగొట్టంలోంచి పోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని ఈ తిరిగే ద్రవమే మోసుకెళ్లి రేడియేటర్లో దించాలి. అంత వేడి మోయాలంటే మామూలు నీళ్లు మామూలుగా ఉంటే కుదరదు, నూరు డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అందుకే మూతలో స్ప్రింగు పెట్టి లోపల ఒత్తిడి నిలుపుతారు. మనం పసుపు ఉడికించడానికి పొలాల్లోకి తెచ్చే స్టీమ్ బాయిలర్‌ను చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు: ఆవిరి బిగబట్టి ఉన్నప్పుడు దాని మూత జోలికి ఎవరూ పోరు. కారు రేడియేటర్ మూత బయటి గాలి కంటే సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిని ఆపుతుంది. అంత ఒత్తిడిలో నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన ద్రవమైతే 130కి దగ్గర దాకా ఓర్చుకుంటుంది.

ఇప్పుడు ఎవరో ఆత్రంగా ఆ మూత తిప్పారనుకోండి. ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. 115 డిగ్రీల దగ్గర మరగకుండా ఆగి ఉన్న నీళ్లకు ఆ క్షణంలో నూరు డిగ్రీల హద్దు వర్తిస్తుంది. లోపలి నీళ్లలో కొంత భాగం కళ్ల ముందే ఆవిరవుతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే 1600 లీటర్లకు పైగా చోటు కావాలి. మిగతా నీళ్లను ఆ ఆవిరి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. చేతి మీద గుడ్డ వేసుకున్నా మొహానికి గుడ్డ ఉండదు కదా. పాత జీపుల మూతలకు ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ డ్రైవర్లకు అది సాగింది. వాళ్ల ధైర్యం చూసి నేర్చుకున్నవాళ్లకే ఇప్పుడు మొహాలు కాలుతున్నాయి.

కూలెంట్ గురించి రెండు ముక్కలు. ఇది శీతల దేశాల సరుకు, మనకెందుకు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. దాంట్లో ప్రధానంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. అది కలిపితే నీళ్లు గడ్డకట్టవు, సగం సగం కలిపితే సున్నాకు దిగువన 37 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. ఏర్గట్లలో ఆ అవసరం ఎప్పటికీ రాదు, నిజమే. మనకు పనికొచ్చేవి దాని మిగతా గుణాలు. మరిగే హద్దు పెంచుతుంది. అంతకంటే ముఖ్యంగా, డబ్బాలో కొద్దిపాటి పాళ్లలోనే ఉండే మందులు అల్యూమినియాన్నీ ఇనుమునూ తుప్పు పట్టకుండా, రబ్బరు సీళ్లు పాడవకుండా, పంపు అరగకుండా కాపాడతాయి. ఆ మందులకు ఆయుష్షు ఉంది. పాత రకానికి రెండు మూడేళ్లు, సేంద్రియ ఆమ్లాల రకానికి అయిదేళ్ల దాకా. రంగు చెక్కుచెదరకుండా ఉన్నా మందు అయిపోయి ఉండొచ్చు. రంగును నమ్మి ఆకుపచ్చ పక్కన ఆకుపచ్చ పోయడం కూడా సరికాదు. కంపెనీలు ఎవరిష్టం వచ్చిన రంగు వాళ్లు వేసుకుంటాయి, రకం ఏమిటన్నది డబ్బా మీది అక్షరాల్లోనే ఉంటుంది. మీ కారు పుస్తకంలో రాసిన రకం చూసి అదే అడగండి.

ఇంకోటి. ఎక్కువ పోస్తే ఎక్కువ మంచిదని నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంట్ నింపేవాళ్లున్నారు. వేడిని మోయడంలో నీళ్లను మించింది లేదు. గ్లైకాల్ ఒక్కటే అయితే అది మోసే వేడి నీళ్లు మోసేదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. పైగా చిక్కగా ఉండి మెల్లగా కదులుతుంది. కొనేటప్పుడు కలిపి సిద్ధంగా ఉన్నదా, కలుపుకోవాల్సిందా అని ఒక్క మాట అడిగితే పోతుంది.

కలిపే నీళ్ల సంగతే మా వైపు అసలు సమస్య. గోదావరి మా మండలం పక్క నుంచే పోతుంది. తడపాకల్, దోంచంద, గుమ్మిర్యాల్ వాళ్లకు నది కనబడుతూనే ఉంటుంది. అయినా కారులో పోసేది మాత్రం బోరు నీళ్లే. బోరు నీళ్లు కాగబెట్టిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం ప్రతి ఇంట్లోనూ చూస్తాం. నీళ్లలో కరిగి ఉన్న సున్నపు లవణాలు వేడికి విడిపోయి, వేడి ఎక్కువగా ఉన్న గోడకే అంటుకుంటాయి. ఇంజన్‌లో ఆ గోడ సిలిండర్ హెడ్. పొర పెరిగిన కొద్దీ లోహంలోని వేడి నీళ్లలోకి దిగడం కష్టమవుతుంది. రేడియేటర్ సన్న గొట్టాలు మూసుకుపోతాయి. బోరు నీళ్లలోని ఉప్పు అల్యూమినియాన్ని సూది పొడిచినట్టు చిల్లులు చేస్తుంది. పాత రాగి రేడియేటర్‌కు చిల్లు పడితే టంకం వేసి బతికించేవాళ్లు. ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్‌కు చాలావరకు కొత్తది పెట్టడమే. కాబట్టి కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ నీళ్లు తీసుకోండి. బ్యాటరీ నీళ్లంటే ఏ షాపులోనైనా ఇస్తారు. రోడ్డు మీద అవి దొరక్కపోతే వాటర్ ప్లాంటు డబ్బా నీళ్లు బోరు నీళ్లకంటే ఎంతో నయం. ఏమీ దొరకని చోట బోరు నీళ్లయినా పోసి ఇల్లు చేరండి, ఇంజన్ పట్టేయడం కంటే అదే మేలు. కానీ తెల్లారి షెడ్డుకు పోయి అదంతా కడిగించి కొత్తది పోయించాలి.

ఈ విషయంలో మా ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. మోర్తాడ్, బాల్కొండ, ఏర్గట్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ లేదు. వాళ్లలో డ్రైవర్లు ఎక్కువ మందే. దుబాయ్‌లోనో సౌదీలోనో యాభై డిగ్రీలకు దగ్గర పడే ఎండలో ట్రైలర్లు, ట్యాంకర్లు నడిపి వచ్చినవాళ్లు నీళ్ల డబ్బా మోయరు, కూలెంట్ డబ్బా మోస్తారు. పొద్దున ఇంజన్ చల్లగా ఉండగానే బానెట్ ఎత్తి, డబ్బా మీది రెండు గీతల మధ్య మట్టం ఉందో లేదో చూసి, కింద నేల తడిగా ఉందేమో ఒక్కసారి వంగి చూసి బండెక్కుతారు. ఎడారిలో బండి ఆగితే ఏమవుతుందో తెలిసిన చదువు అది. మీ వాడలో అలాంటి అన్న ఒకరుంటే, కారు కొన్న మేనల్లుడిని ఒక పొద్దున ఆయన వెంట పంపండి. నా ఉత్తరం చదవడం కంటే త్వరగా నేర్చుకుంటాడు.

సరే, నీళ్లు ఎటు పోతున్నాయో వెతకడం ఎట్లా? కూలెంట్ వాడితే ఒక లాభం ఇక్కడ తెలుస్తుంది. ఉత్త నీళ్లు కారి ఆరిపోతే జాడ ఉండదు. కూలెంట్ కారిన చోట రంగు మరక, పొడిపొడిగా పేరిన అట్ట మిగులుతుంది. గొట్టాల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ అంచు లోహంతో కలిసే చోట, నీళ్ల పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర చూడండి. ఎలుకలు కొరికిన గొట్టాలు మా పల్లెల్లో మామూలే, వడ్ల బస్తాల పక్కన కారు పెడితే అంతే మరి. కారు లోపల ముందు సీటు కాళ్ల దగ్గరి చాప తడిగా ఉండి, తీయటి వాసన వస్తూ, అద్దానికి జిడ్డు ఆవిరి పడుతోందంటే హీటర్ లోపల కారుతోంది. మూతకున్న రబ్బరు ఎండిపోయినా నీళ్లు తరుగుతాయి. కొత్త మూతకు పెద్ద ఖర్చేమీ కాదు, అనుమానం ఉంటే ముందు అదే మార్చి చూడండి.

బయట ఎక్కడా జాడ లేకుండా తగ్గుతోందంటేనే భయపడాలి. అప్పుడవి ఇంజన్ లోపలికే పోతున్నట్టు. పొగగొట్టం నుంచి ఎడతెగని తెల్ల పొగ, ఆయిలు మూత లోపల పాలరంగు మడ్డి, చల్లటి ఇంజన్ మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు, వీటిలో ఏది కనబడినా హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు, పోయి ఉండొచ్చని మేస్త్రీ చెప్పకముందే మీకు అర్థమైపోవాలి.

కారకపోయినా వేడెక్కే బండ్లున్నాయి. ఎక్కడ వేడెక్కుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. నిజామాబాద్ మాధవనగర్ రైల్వే గేటు దగ్గర ఏళ్ల తరబడి నిలబడి అలవాటైనవాళ్లకు ఈ పరీక్ష సులువు. గేటు దగ్గర వేడి చూపే ముల్లు పైకెక్కి, రోడ్డెక్కి వేగం అందుకోగానే దిగివస్తే ఫ్యాను పనిచేయడం లేదు. దాని మోటారో, ఫ్యూజో, రిలేనో చూడాలి. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలే ఫ్యాను పని చేసిపెడుతుంది కాబట్టి రోడ్డు మీద లోపం దాగిపోయింది. అదే గేటు దగ్గర బాగానే ఉండి, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కిందా? రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది, లేకపోతే పంపు నీళ్లు తిప్పలేకపోతోంది. బయలుదేరిన పది నిమిషాలకే ముల్లు ఎర్ర గీతకు పోయి, పై గొట్టం కాలిపోతుంటే కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి తెరుచుకోవడం లేదని అర్థం.

రేడియేటర్ మూసుకుపోవడమంటే లోపలే అనుకోకండి. 1900లో విల్హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు మెర్సిడెస్ కారుకు తేనెపట్టు రేడియేటర్ చేసినప్పుడు 8,070 చిన్న చదరపు గొట్టాలు పేర్చాడు, ఒక్కోటి ఆరు మిల్లీమీటర్లు. దాంతో అంతకుముందు అవసరమైన నీళ్లలో సగమే సరిపోయాయి. గాలికి అన్ని సందులుంటేనే వేడి దిగుతుంది. ఇప్పటి రేడియేటర్ల రేకుల మధ్య సందులు అంతకంటే సన్నం. మనమేమో యాసంగి వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తాం. హార్వెస్టర్ పక్కనుంచి పోతాం. తాలు, పొట్టు, మక్క పీచు అంతా ఎగిరి ఏసీ రేడియేటర్‌కూ దాని వెనకాల ఇంజన్ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనబడుతుంది. హార్వెస్టర్ డ్రైవర్లు పూటకోసారి గాలి కొట్టి రేడియేటర్ జాలీ ఊదుకుంటారు. కారు వాళ్లకు ఆ ఆలోచనే రాదు. కోతలు అయ్యాక ఒకసారి షెడ్డులో వెనక నుంచి ముందుకు గాలితోనో మెల్లటి నీళ్ల ధారతోనో కడిగించుకోండి. సర్వీసింగ్ వాళ్ల పెద్ద పైపు దగ్గరగా పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి, జాగ్రత్త.

థర్మోస్టాట్ విషయంలో మన మేస్త్రీలతో నాకు పేచీ ఉంది. "మనది ఎండల దేశం, దీంతోని పనేంది సార్" అని తీసి పక్కన పడేస్తారు. లోపల మైనం ఉన్న చిన్న వాల్వు అది. 80, 90 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి ఉబ్బి దారి తెరుస్తుంది. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఇంధనం ఎక్కువ కాలుతుంది, మైలేజీ పడిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వు తెరుచుకుంటూనే ఇంకో అడ్డదారిని మూస్తుంది. వాల్వు తీసేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉండి, కొన్ని నీళ్లు రేడియేటర్‌కు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తాయి. ఎండాకాలం కోసం తీసిన వాల్వు వల్ల ఎండాకాలంలోనే బండి వేడెక్కుతుంది. పాడైతే కొత్తది వేయించండి. తీసేస్తానంటే ఒప్పుకోకండి.

ఇక రోడ్డు మీద ముల్లు ఎక్కినప్పుడు. చాలా కొత్త కార్లలో ముల్లే ఉండదు, చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం, మధ్యలో ఏమీ ఉండదు. అంతకంటే ముందు ఇంకో సూచన వస్తుంది: చాలా కార్లలో ఇంజన్ వేడెక్కగానే కంప్యూటర్ ఏసీని ఆపేస్తుంది. పెళ్లి బండిలో వెనక సీటు నుంచి "ఏసీ వస్తలేదు, గ్యాస్ అయిపోయినట్టుంది" అని గొడవ మొదలైనప్పుడు మీరు చూడాల్సింది ఇంజన్ వేడి చూపే దీపం వైపు.

ఏసీ ఆపండి. పక్కకు తీయడానికి చోటు లేక కొద్ది దూరం పోక తప్పదంటే, అద్దాలన్నీ దించి హీటర్‌ను నిండా తిప్పి ఫ్యాను పెంచండి. మే నెలలో హీటరేంటని బండిలో అందరూ తిడతారు. అయినా అది ఇంజన్ వేడిని కొంత లాగి కారులోకి పోస్తుంది, ఆ నిమిషాలు దక్కుతాయి. ఎర్ర దీపం వెలిగినా, ఆవిరి కనబడినా అది కూడా వద్దు, ఆపేయండి. ఊరు రెండు కిలోమీటర్లే ఉందని లాగినవాళ్లే ఎక్కువగా ఇంజన్లు పోగొట్టుకుంటారు. ఇంకో మోసం ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే వేడి చూసే సెన్సర్ గాలిలో తేలుతుంది, అప్పుడు ముల్లు కిందికే దిగొచ్చు. ఆవిరి వస్తుండగా ముల్లు దిగిందంటే చల్లబడిందనుకోకండి.

ఆపాక అరగంట, గంట ఏమీ చేయకండి. ఈ ఒక్క సలహా ఎవరికీ నచ్చదు. ముహూర్తం దాటిపోతుందని అందరికీ తొందర. ఆవిరి వస్తుంటే బానెట్ కూడా వెంటనే ఎత్తకండి. ఎత్తాక ఫ్యానుకు చేతులు దూరంగా ఉంచండి, చాలా కార్లలో అది తాళం తీసినా తనంతట తాను తిరుగుతుంది. పై గొట్టాన్ని ముట్టుకుంటే చేయి ఆగేంత చల్లబడ్డాకే, మందపాటి గుడ్డ వేసి, మూతను మొదటి మెట్టు దాకా తిప్పి, ఉన్న ఒత్తిడి పోయేదాకా ఆగి, ఆ తర్వాత తీయాలి. కొన్ని కార్లలో మూత రేడియేటర్ మీద కాకుండా ప్లాస్టిక్ డబ్బా మీదే ఉంటుంది, ఆ డబ్బాలోనూ అదే ఒత్తిడి ఉంటుంది. ప్లాస్టిక్ కదా అని అలుసుగా చూడొద్దు.

పోసేటప్పుడు మెల్లగా పోయండి. ఇంజన్ బయట నీళ్లు చల్లడం, కాలే ఇంజన్‌లోకి చల్లటి నీళ్లు కుమ్మరించడం మనవాళ్లకు ఇష్టమైన పని. కాలిన లోహం ఒక్కసారిగా కుంచించుకొని హెడ్డుకు నెర్రె పడుతుంది. నింపాక లోపల గాలి ఇరుక్కోకుండా మూత తీసే ఉంచి కాసేపు ఇంజన్ నడిపి, మట్టం దిగితే మళ్లీ పోసి మూత వేయాలి. ఇంజన్ తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే సెల్ఫ్ కొట్టకండి, తోయించకండి. బండి పంపించే ఏర్పాటు చూసుకోండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఒక్కసారి మితిమీరి వేడెక్కినా చాలు. చాలా కార్ల హెడ్ అల్యూమినియంతో చేసింది. వేడికి అది ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. కింద బోల్టులు బిగించి ఉంటాయి, సాగడానికి చోటు లేదు, వంగిపోతుంది. వంగిన హెడ్డుకూ బ్లాకుకూ మధ్య గ్యాస్కెట్ నిలవదు. కూలెంట్ డబ్బా కొన్ని వందల్లో వస్తుంది, హెడ్ విప్పితే లెక్క వేలల్లో మొదలవుతుంది.

పాత కూలెంట్ తీసినప్పుడు షెడ్డు ముందు మోరీలోకి వదిలేయడం చూస్తున్నాను. అది తీయగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, దూడలు, మేకలు తాగుతాయి. ఇథిలీన్ గ్లైకాల్ ఒంట్లో విరిగి కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుతుంది. 2022లో గాంబియాలో పిల్లలు దగ్గు మందు తాగి చనిపోయిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మందుల్లో ఉండకూడని పాళ్లలో దొరికిన వాటిలో ఇది ఒకటి, దీని దాయాది డైఇథిలీన్ గ్లైకాల్ ఇంకొకటి. కూల్‌డ్రింక్ సీసాలో కూలెంట్ పోసి ఇంట్లో పెట్టేవాళ్లు ఈ పూటే తీసేయండి, పిల్లలకు ఆ రంగు చూస్తే శరబత్తులా కనబడుతుంది. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయిస్తూ కూర్చోకుండా నిజామాబాద్‌కైనా జగిత్యాలకైనా పెద్దాసుపత్రికి తీసుకుపోయి, తాగింది కూలెంట్ అని చెప్పి, సీసా చూపించండి. విరుగుడు ఉంది, గంటల్లో మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగిన మిత్రుడు వెతికి చూశాక, నీళ్లు ఎటు పోతున్నాయో నాకు రాస్తారని ఎదురుచూస్తాను.

ఉంటాను మరి,
మీ ఏర్గట్ల మిత్రుడు

తా.క. బైకు సంగతి అడిగినవాళ్లకు: రేడియేటర్ లేని బైకు సిలిండర్ చుట్టూ ఉండే రేకులే దాని రేడియేటర్. వరి పొలాల్లో తిరిగి వచ్చాక వాటి మధ్య ఎండిన బురద గీకి పారేయండి, ఆయిలు మట్టం చూసుకోండి. కరెంటు కారు కొన్నవాళ్లు నవ్వుకోకండి. ఈ రోజుల్లో వచ్చే చాలా కరెంటు కార్ల బ్యాటరీ చుట్టూ కూడా కూలెంటే తిరుగుతుంది. కంపెనీ చెప్పిన రకం తప్ప వేరేది దాంట్లో పోయకూడదు.